పాతబస్తీ గదులకు లేతవన్నెలు

గదిగోడలకు ఏ రంగు వేయవలెనను ప్రశ్నకు, ఎరుపు వద్దు, నీలము వద్దు, ఆకుపచ్చ అంతకన్నను వద్దు, కంటికి బరువుగాని యేదో యొక లేతవన్నె చాలునని తీర్మానించుకొన్న గృహస్థుడు తన కష్టము గట్టెక్కినదని తలంచును గాని, యథార్థమునకు ఆ కష్టము అచ్చటనే ప్రారంభమగుచున్నది. ఎరుపునకును నీలమునకును నడుమ ఎన్నుకొనుటకు నిముషము చాలును. పాలమీగడవన్నెకును దంతపువన్నెకును, గంధపుచాయకును బిస్కెట్టుచాయకును, వెలిబూదికిని పావురపువన్నెకును నడుమ ఎన్నుకొనుటకు వారము చాలదు. దుకాణదారుడు చేతికిచ్చు షేడుకార్డులో తెలుపు పేరిటనే పదులకొలది చదరపుముక్కలు వరుసదీరి యుండును. అవి యొకదాని ప్రక్క నొకటి ఉన్నంతవరకు భిన్నముగా కనబడుచు, ఒంటరిగా గోడనెక్కిన మరునాడు అన్నియు నొక్కటియే యనిపించును. లేదా దుకాణములో చూచినది ఇది కానేకాదనిపించును.

ఈ రెండవ విచిత్రమునకు కారణమేమో తెలిసికొనకుండ లేతరంగులను గూర్చి యెంత చర్చించినను ఫలము లేదు. గృహాలంకారనిపుణులు, కాంతిశాస్త్రజ్ఞులు, వాస్తుపండితులు, రంగుమేస్త్రీలు, ఇంటిలోని పెద్దలు, ఎవరికి వారు ఈ విషయమున తీర్పు చెప్పియున్నారు. ఆ తీర్పులను హైదరాబాదు పాతబస్తీ గదులను దృష్టియందుంచుకొని పరిశీలింపదలచితిని. పాతబస్తీయే యేల యన్నచో, అచ్చటి గదులలో అధికభాగము సూర్యుని ముఖాముఖిగా చూడవు. శాలిబండ, హుసేనీఆలం, మొఘల్‌పురా వంటి పేటలలో సందులు ఇరుకు. ఇండ్లు ఒకదానినొకటి ఒరసికొని యుండును. పూర్వము ఒక్క కుటుంబముండిన దేవిడీలను పెద్దమేడలు ముక్కలై, ముక్క కొక సంసారము కాపురముండును. వెలుగు ముందుగా ఎదురింటి గోడమీదనో, నడుమనున్న సెహను అను ముంగిటిలోని బండలమీదనో పడి, అచ్చటి వర్ణమును కొంత పులుముకొని, పిమ్మట దాలాను అను వసారాను దాటి గదిలో అడుగుపెట్టును. అట్టి చేతులుమారిన వెలుగును ఉద్దేశించి వ్రాసిన అలంకారగ్రంథములు బహు అరుదు.

తెలుపునకు దక్కనులో దీర్ఘచరిత్ర కలదు. కల్యాణి రాజధానిగా ఏలిన పశ్చిమచాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున కూర్చిన మానసోల్లాసమందు, చిత్తరువు వ్రాయుటకు ముందు గోడను నునుపుచేయు విధమును, మహిషచర్మమును ఉడికించి తీసిన వజ్రలేపమును తెల్లమన్నుతో కలిపి పూయు విధమును వివరింపబడినవి. అచ్చట తెలుపు పీఠము మాత్రమే. చిత్తరువు వచ్చి దానిపై అధిష్ఠింపవలెను. కుతుబ్‌షాహీల కాలమున ఆ పీఠమే దేవతాస్థానము నాక్రమించినది. 1591లో వెలసిన చార్మినారునందు కమానులపైని నగిషీలు, మీనారులపైని పూలమొగ్గలు, అన్నియు సున్నపుగచ్చుతో తీర్చినవే. ఆ తరువాత కొలది సంవత్సరములకే కట్టిన బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడలు మాత్రము పసుపు, నీలి, ఆకుపచ్చ వన్నెల పింగాణీపలకలతో నేటికిని కన్నులు మిరుమిట్లు గొల్పుచున్నవి. అనగా ఆ కాలపువారు రంగులకు భయపడినవారు కారు; వానిని పవిత్రస్థలములకు, విశేషసందర్భములకు దాచి, నిత్యనివాసమునకు సున్నమును కేటాయించిరి. నేటి మనము చేయుచున్నది దీనికి వ్యతిరేకము: వర్ణమనిన జంకి, ఆ జంకును అభిరుచి యనుచున్నాము.

సున్నమునుగూర్చి ఇంకొంత చెప్పక తప్పదు. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిమికి కాల్చినచో, అందలి బొగ్గుపులుసువాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులును. దానిని నీటిలో చల్లార్చి, గానుగలో ఇసుకతో కలిపి నూరి, బెల్లపునీరు, కరక్కాయకషాయము మున్నగువానిని చేర్చి గోడకెక్కింతురు. గోడపై నది గాలిలోని ఆ వాయువునే మరల పీల్చుకొని క్రమముగా రాయిగా మారిపోవును. మీది పూతలను నున్ననిరాతితో రుద్ది మెరుగుపెట్టినచో పాలరాతిని మరపించు కాంతి వచ్చును. 18వ శతాబ్ది మధ్యమున ఆరంభమై, 1857 నుండి 1869 వరకు ఏలిన నిజాము అఫ్జలుద్దౌలా కాలమున పూర్తియైన చౌమహల్లా ప్రాసాదములో, ఖిల్వత్ ముబారక్ దర్బారుశాలను చూచినవారు ఆ తెలుపును చూచి ముగ్ధులై, అట్టిదే తమ యింటను కావలెనని కోరుట నేను పలుమారు విన్నాను. వారు గమనింపనిది యొకటి కలదు. ఆ శాల శోభ తెలుపునందు లేదు. గచ్చులో తీర్చిన లతలు, పట్టెలు, గూళ్ళు తమ అంచులయందు పడవేసికొను సన్నని నీడలయందున్నది. అచ్చట నొక్క తెలుపు వేయి బూడిదవన్నెలుగా విడిపోవుచున్నది. చెక్కడ మేమియులేని చదునుగోడకు ఆ తెలుపునే పూసినచో మిగులునది ఆసుపత్రి.

సామాన్యుల యిండ్లలో సున్నమునకు వేరొక చరిత్ర కలదు. రంజాను రాకముందు కొందరు, దసరాకు ముందు కొందరు, ఆషాఢమున లాల్‌దర్వాజా బోనాలకు ముందు కొందరు గోడలకు వెల్లవేయించుట వాడుక. పలుచని సున్నపునీటిలో పిడికెడు ఉప్పును, నానిన తుమ్మబంకను, చిటికెడు నీలిమందును కలుపుదురు. గోడ అడుగున జాజుపట్టె తీర్చుదురు. ఆ నీలిమందు వెనుక చక్కని శాస్త్రమున్నది. సున్నము కాలము గడచినకొలది పొగకును దుమ్మునకును పసుపువారును. పసుపునకు ప్రతిపక్షమైన నీలము కొంచెము చేరినచో కంటికి రెండును పరస్పరము రద్దై, తెలుపు మరింత తెలుపుగా తోచును. ఏదో యొక నీలము చాలదు: సున్నపుక్షారమును అల్ట్రామెరైను తట్టుకొనును, ప్రష్యననీలము తట్టుకొనజాలక వెలవెలబోవును. జాజు, పచ్చమన్ను వంటి ఇనుపమట్టిరంగులు మాత్రము సున్నముతో తరతరములు సఖ్యముగా నుండును. ఈ కారణముచేతనే పాత గోడల లేతవన్నెలన్నియు ఒకే వంశమునకు చెందినవిగా కనబడును. సున్నము సహింపని రంగు ఆ వంశమున ప్రవేశింపలేదు.

పిస్తా, ఫిరోజీ రంగులను గూర్చి ఇచ్చట నొక మాట. పాతబస్తీ నడవలలో నేటికిని విరివిగా కనబడు ఈ లేతపచ్చలను, లేతనీలములను నూతనాలంకారికులు మోటువని త్రోసివేయుచున్నారు. నే నట్లు త్రోయజాలను. ఎండ మండిపోవు వీధినుండి లోనికి వచ్చినవానికి ఆ పచ్చదనము కలిగించు చల్లదనపు భావము ఏ బిస్కెట్టురంగును కలిగింపజాలదు. అయినను అవి మన ప్రస్తుతవిషయము కావు గనుక విడిచిపెట్టుచున్నాను.

ఐరోపాఖండమున తెలుపును అలవాటునుండి సిద్ధాంతముగా మార్చినవారిలో వాస్తుశిల్పి లె కార్బూజియే ప్రముఖుడు. ఆయన 1925లో ప్రకటించిన అలంకారకళాగ్రంథమున, ప్రతిపౌరుడును తన యింటి తెరలను, పూలకాగితములను తొలగించి గోడలకు తెల్లని పూత వేసికొనవలెనని శాసనము వంటి మాట వ్రాసెను. ఆ మహాశయుడే 1931లో ఒక గోడకాగితముల సంస్థకు 43 వర్ణముల పట్టికను కూర్చి యిచ్చుట గమనింపదగినది. శుద్ధశ్వేతముతో కాపురము చేయుట శ్వేతవాదులకును దుస్సాధ్యమని దీనివలన తెలియుచున్నది. సుమారుగా ఆ కాలముననే టైటానియం తెలుపు రంగుల పరిశ్రమలో ప్రవేశించి, విషపదార్థమైన సీసపుతెలుపును క్రమముగా తొలగించినది. ఆరోగ్యదృష్టితో ఇది మహోపకారమే. కాని సున్నపుతెలుపు పలుచని పొరలగుండ వెలుగును కొంత లోనికి పోనిచ్చి త్రిప్పిపంపును. టైటానియం తెలుపు దానిని వాకిటనే గెంటివేయును. రెంటికిని పేరొక్కటే యైనను గోడపై స్వభావము వేరు.

డిస్టెంపరు కాలమున మీగడవన్నెకు పట్టాభిషేకము జరిగినది. కచ్చేరీలు, పాఠశాలలు, ఆ పిమ్మట ఇండ్లు, అన్నియు క్రీము, ఐవరీ వర్ణములను ధరించినవి. ఈ పక్షమువారి వాదము సరళము: తెలుపు కంటిని పొడుచును, మాసినచో వెంటనే తెలియును, మీగడవన్నె రెండు దోషములను సగము చేయును. ఆ వాదము పుట్టినప్పుడు రాత్రివేళ ఇండ్లలో వెలుగుచుండినది 2700 కెల్వినుల ప్రాంతమున నుండు పసుపుచాయ బల్బు. ఆ వెలుగులో మీగడవన్నె వెన్నవలె కరిగి, గదికి మృదుత్వమును ఇచ్చెడిది. తరువాత వచ్చిన ట్యూబులైటు 6500 కెల్వినుల నీలిచాయ గలది, నేటి ఎల్.ఇ.డి. దీపములును పెక్కిండ్లలో ఆ చాయవే. ఆ వెలుగులో లేతపసుపు పాలిపోయి, రోగి మొగమువలె తోచును. శుద్ధమైన తెలుపు మంచుగడ్డవలె నీలించును. గోడను నిందించి తిరిగి రంగు వేయించుటకు ముందు, దీపమును మార్చి చూచుట ఎంతో చవుక యని ఈ పక్షమువారికి నేను చెప్పదలచినది. రాత్రివేళ మాత్రమే వాడు గదికి రంగు నెన్నుటలో దీపమే ప్రథమము, గోడ ద్వితీయము.

ఇటీవలి పక్షము బూడిదవన్నెది. బూడిదకు ఇసుకచాయ కలిపి గ్రేజ్ అను పేరిట అమ్ముచున్న వన్నెలు ఇప్పుడు పత్రికలయందును, అపార్టుమెంటుల ప్రకటనలయందును రాజ్యమేలుచున్నవి. వీనికి ఒక మంచి గుణము లేకపోలేదు: పెద్దపెద్ద కిటికీలు గల గదిలో మితిమీరిన వెలుగును అణచి, సామాను రంగులను నిలబెట్టును. పాతబస్తీ లోపలిగదులలో మాత్రము ఇవి సాధారణముగా అపకారమే చేయును. ఎట్లనగా, గది వెలుగును లెక్కించునప్పుడు గోడ ఒక్కసారి త్రిప్పిపంపిన వెలుగును మాత్రమే చూడరాదు. గోడలు, కప్పు, నేల అన్నియు పడిన వెలుగులో నూటికి 80 పాళ్ళు త్రిప్పిపంపునవే యైనచో, ఆ వెలుగు ఒక తలమునుండి వేరొక తలమునకు తిరిగి తిరిగి మొత్తముమీద 5 రెట్లగును. 60 పాళ్ళైనచో రెండున్నర రెట్లే. 40 పాళ్ళైనచో రెట్టింపైనను కాదు. నిజమైన గదిలో నేల, మంచము, బీరువా, తెరచిన తలుపు వెలుగును మ్రింగును గనుక ఈ అంకెలు తగ్గును గాని, తారతమ్యము మిగిలియే యుండును. క్రొత్తగా వేసిన తెల్లసున్నము 80కి దగ్గరగాను, మధ్యరకపు గ్రేజ్ 60కి లోపుగాను ఉండునని తలంచినచో, రోషన్‌దాను అను పైకిటికీనుండి దిగివచ్చు ఆ కొంచెము వెలుగులో సగమును మనమే మూల్యము చెల్లించి ఆర్పుకొనుచున్నామన్నమాట.

వెలుగు తిరిగినకొలది పెరుగునది ప్రకాశము మాత్రమే కాదు, చాయయు పెరుగును. కార్డుముక్కపై కనీకనబడని పసుపు, నాలుగుగోడల మధ్య పరస్పరప్రతిబింబమున చిక్కబడి, మూలలయందు స్పష్టముగా పసుపై కూర్చుండును. దీనికి తోడు నేల యొకటి. పాత యిండ్లలో పరచినవి బూడిదనీలపు షాబాదుబండలు, లేక నల్లని కడపబండలు. కొన్నియెడల ఎర్రని రెడాక్సైడు నేల. సెహనులో ఎండ షాబాదుబండపై పడి లోనికి వచ్చినప్పుడు అప్పటికే బూడిదచాయ మోసికొని వచ్చును. దానిని బూడిదగోడ కప్పగించుట ఆకలిగొన్నవానికి ఉపవాసమును ఉపదేశించుటయే. అట్టి నేలపై గోడకు పసుపు కొంచెము మొగ్గిన తెలుపు ఉండవలెను. ఎర్రనేల గల గదికి దీనికి విపర్యయముగా, నీలిమందు తగిలించిన సున్నమే తగును. పారిసులోని గోబెలాఁ అద్దకపుశాలకు అధ్యక్షుడైన షెవ్రెల్ 1839లో వెలువరించిన గ్రంథమున, ప్రక్కప్రక్కనున్న రెండు వర్ణములు పరస్పరము తమ ప్రతిపక్షవర్ణములను అంటగట్టుకొనునని సోదాహరణముగా నిరూపించెను. నలుపు చెడినదని నేతగాండ్రు మొరపెట్టుకొనగా, చెడినది నలుపు కాదు, ప్రక్కనున్న దారపు ప్రభావమే యని ఆయన తేల్చినాడు. గోడ విషయమునను అంతే: లేతవన్నెకు స్వతంత్రమైన తటస్థత లేదు. అది డబ్బాలో లేదు, ఎదురింటి గోడలోను, కాలిక్రింది బండలోను, తలపైని దీపములోను ఉన్నది.

ఎదురింటి గోడ మాట వచ్చినది గనుక దిక్కుల ప్రసక్తియు రాక తప్పదు. ఉత్తరపుగదికి చల్లని నీలివెలుగు వచ్చును గనుక వెచ్చని వన్నె వేయుమని ఆంగ్లగ్రంథములు బోధించును. లండను నగరము 51 డిగ్రీల అక్షాంశమునకు పైన నున్నది. అచ్చట మధ్యాహ్నసూర్యుడు ఏనాడును ఉత్తరమునకు రాడు. చార్మినారు 17 డిగ్రీల 22 నిముషముల అక్షాంశమున నున్నది. మే నెల రెండవ వారమునుండి ఆగస్టు తొలిదినములవరకు మధ్యాహ్నమున సూర్యుడు మనకు ఉత్తరముననే యుండును. వేసవి ఎండ ఉత్తరపుగోడను కాల్చుచున్న దేశమున ఆ సూత్రము నెట్లు పాటింతుము? అంతకంటె ముఖ్యమైనది, ఆరడుగుల సందులో దిక్కునకు అర్థమే మారిపోవును. ఉత్తరపుకిటికీ యెదుట పొరుగువాని ఫిరోజీగోడపై ఎండ కాయుచున్నచో, ఆ గది వెలుగు ఫిరోజీవెలుగు. వాస్తుపేరిట దిక్కునకొక రంగు చెప్పువారు ఈ పొరుగువానిని లెక్కలోనికి తీసికొన్నట్లు కనబడదు.

వర్ణముకన్న ముందు తేలవలసినది మాధ్యమము. దీనిని అలంకారికులు మరచుదురు, మేస్త్రీలు ఎరుగుదురు, ఇంటివారు రెండేండ్ల తరువాత నేర్చుకొందురు. రాతితోను సున్నముతోను కట్టిన మూరెడుమందపు గోడ నేలనుండి చెమ్మను పీల్చి, తలమునుండి విడుచుచుండును. దానిపై సిమెంటులప్పము పట్టించి, ఎమల్షను పూసినచో ఆ చెమ్మకు దారి మూసికొనిపోయి, ఉప్పు పొంగి, పొక్కులెత్తి, పెచ్చులూడును. ఊడినచోట క్రొత్త లప్పము పెట్టుట, అదియు ఊడుట, పాతబస్తీలో అనేక గృహములకు వార్షికవ్రతమైనది. సున్నపుపూత చెమ్మను పోనిచ్చును. పైకి వచ్చిన ఉప్పును తన తెలుపులోనే దాచుకొనును. బూడిదగోడపై అదే ఉప్పు తెల్లని మచ్చలై నవ్వును. కనుక పాతగోడ కలవారికి ఎన్నిక వాస్తవముగా కార్డులోని పదుల ముక్కలమధ్య లేదు. సున్నమునకు ఎంత నీలిమందు, ఎంత పచ్చమన్ను అనుటయందే యున్నది. ఈ పరిమితి నాకు వరముగానే తోచుచున్నది. పూసినప్పటి రంగునుచూచి కంగారుపడవలదని మాత్రము హెచ్చరించవలెను: సున్నము తడిలో మురికినీరువలె నుండి ఆరినకొలది తెల్లబడును, ఎమల్షను తడిలో లేతగా నుండి ఆరినకొలది ముదురును.

తలుపులు, కిటికీలపైని పాత నూనెరంగుల విషయమున జాగ్రత్త వేరు. గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్ళు మించరాదను నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. అంతకుముందటి పొరలయందు ఎంత సీసమున్నదో చెప్పజాలము గనుక, వానిని పొడిగా గరుకుకాగితముతో రుద్ది ఆ ధూళిని పిల్లలున్న యింట లేపరాదు. తెల్లని ఎనామిలుకు ఇంకొక చెడ్డగుణము కలదు. వెలుగు చాలనిచోట అది తనంతట తానే పసుపువారును. చీకటిగదిలో తెల్లతలుపు కావలెనని పంతము పట్టుట వృథా. మొదటనే మీగడవన్నె వేసికొన్నచో కాలము చేయు మార్పు కంటబడదు.

మనుష్యులు గదిలో ఎట్లు కూర్చుందురనునదియు రంగు నిర్ణయించును. ఇంగ్లీషుపత్రికలలోని గదులయందు మనుష్యులు సోఫాలలో నుందురు. గోడ వారికి చూచుటకు మాత్రమే. ఇచ్చట దస్తర్‌ఖాన్ పరచుకొని, గావుతకియాల కానుకొని, లేక చాపపై గోడకే వీపు ఆనించి కూర్చుందురు. తలనూనె మరక నేలనుండి రెండు మూడడుగుల యెత్తున ఒక వరుసగా ఏర్పడును. ప్రతిపండుగకు వెల్లవేయు రోజులలో ఆ మరక సంవత్సరమునకు మించి బ్రతుకలేదు. అయిదేండ్లకొకమారు రంగు వేయు నేటివారికి అది శాశ్వతపుసంపద. అడుగుభాగమునకు ముదురుపట్టె వేయు పాతపద్ధతిని ఆధునికులు ఎగతాళి చేయుచున్నారు గాని, అందులోని వివేకమునకు ప్రత్యామ్నాయమును చూపలేదు. ఊదు, లోబాను, సాంబ్రాణిపొగలు నిత్యమైన యిండ్లలో కప్పుకూడ రెండేండ్లలో మీగడవన్నెకు దిగును. అచ్చట గోడలకన్న కప్పునే తరచుగా తెల్లబరచవలెను.

అద్దెకిచ్చు యజమానులు లేతరంగును కోరుటకు కారణము వేరు, ఎవ్వరును దానిని తప్పుపట్టరు గనుక. దీనిపై చర్చ అనవసరము.

ఏ పక్షమును అవలంబించినను, పరీక్షవిధానము ఒక్కటే: కార్డుముక్కను నమ్మక, నమూనాడబ్బా కొని, రెండడుగుల చదరమున, కిటికీకి ఎదురుగోడపై నొకటియు కిటికీ ప్రక్కగోడపై నొకటియు పూసి, చుట్టును పాతరంగు కంటబడకుండ తెల్లకాగితము అంటించి, ఉదయమున, మిట్టమధ్యాహ్నమున, దీపము వెలిగించిన తరువాత చూడవలెను. విశాలతలమున వర్ణము కార్డులోకన్న ఉజ్జ్వలముగాను గాఢముగాను తోచును. కావున సందేహము కలిగినచో ఎంచిన చాయకు ఒక మెట్టు తక్కువదానిని తీసికొనుట మేలు.

బూడిదవన్నెను నేను పూర్తిగా నిరాకరించినట్లు అపార్థము కలుగరాదు. సంతోష్‌నగరు, చాంద్రాయణగుట్ట వైపున క్రొత్తగా లేచిన మూడంతస్తుల సిమెంటుయిండ్ల పైగదులలో స్థితి తారుమారైనది. అచ్చట కిటికీలు పెద్దవి, ఎదుట గోడ లేదు, పడమటి ఎండ సాయంకాలమువరకు నేలపై పాకుచుండును; గోడలు సిమెంటువి గనుక చెమ్మ చిక్కు తక్కువ, ఎమల్షను చక్కగా పట్టును. ఆ గదులకు సుద్దతెలుపు వేసినచో నాలుగుగంటలవేళ కన్ను తెరువజాలము. బూడిదకు ఇసుకచాయ కొంచెము మొగ్గిన మధ్యరకపు వన్నెను కిటికీకి ఎదుటనున్న గోడకును, దానికన్న రెండు మెట్లు తేలికదానిని తక్కిన మూడింటికిని, కప్పునకు మాత్రము తెలుపును వేయించినచో, ఈ వ్యాసమున ఇంతవరకు నేను తిట్టిన రంగే అచ్చట ఉత్తమమని అంగీకరించుటకు నాకు సంకోచము లేదు.